ఎడమకి వాలిన గీత

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో ఎనిమిది గడియారాలు ఎనిమిది టైములు చూపిస్తున్నాయి. వాచీలు బాగుచేసేవాళ్ళ ఇల్లు మరి. ఊళ్ళోవాళ్ళ వాచీలకే పొద్దు చాలకపోతే సొంత గోడ మీది గడియారాన్ని ఎవరు పట్టించుకుంటారు? అందుకని ఆ ఇంట్లో టైము చెప్పే పని అత్తగారిది.

"ఏడున్నరైంది, పాలు పొంగుతున్నాయి! ఏడూ ముప్పై రెండైంది, ఒక్కళ్ళూ స్నానానికి లేవలేదు!"

పెళ్ళైన కొత్తలోనే వాచీ మాస్టారు ఆవిడకి అలారం అని పేరు పెట్టారు. నొక్కితే ఆగే రకం కాదని తర్వాత తెలిసింది, పాపం.

మాస్టారి మనవరాలి ముద్దుపేరు సెకన్ల ముల్లు. చదివేది నాలుగో క్లాసు, నిలబడేది ఎక్కడా లేదు. ఆ రోజు బడికి సెలవు. నోట్‌బుక్కు పట్టుకుని ఇల్లంతా గిరగిరా తిరుగుతోంది.

"నానమ్మా, హెల్ప్ అంటే ఏంటి?"

"పొద్దున్నే నీ గోలేంటే! హెల్ప్ అంటే హెల్పే."

"అలా కుదరదు. ఒక్క ఇంగ్లీషు మాట తీసుకుని, దానికి ఎన్ని అర్థాలుంటే అన్నీ ఇంట్లోవాళ్ళని అడిగి రాసుకురమ్మంది టీచరు. పది రాస్తే స్టారు."

"సాయం. రాసుకో. నేను ఛస్తున్నా ఈ ఇంట్లో ఎవరూ చెయ్యనిది."

ముల్లు ఆ మాట మొత్తం, 'ఛస్తున్నా'తో సహా రాసుకుంది.

మాస్టారు అరుగు మీద టీ తాగుతూ అందుకున్నారు. "ఆసరా, తోడు, అండ, దన్ను. నాలుగు రాసుకో. నాలుగూ ఒకటే అనుకోకు. పడబోయేవాడికి ఆసరా, నడిచేవాడికి తోడు, కొట్లాటకి పోయేవాడికి దన్ను."

"నీళ్ళలో మునిగేవాడు అరిచేది కూడా ఆ మాటే కదా తాతా?"

"అదీ రాయి. అరవడానికి పనికొచ్చే మాట అని."

ఇంతలో ముల్లు వాళ్ళ నాన్న తల తుడుచుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఫ్రిజ్‌ల షోరూంలో సేల్స్ ఉద్యోగం చేసి, కిందటి నెలే ఆ షోరూం మూసేస్తే ఇంటికి చేరాడు. మనిషి మంచివాడే. నోరు అంతకంటే మంచిది.

"మా షోరూంలో 'మే ఐ హెల్ప్ యూ' అంటాం. దానికి అర్థం, 'కొనకుండా ఎలా పోతావో నేనూ చూస్తా' అని."

ముల్లు పకపకా నవ్వింది. "ఇంకా?"

"ఇంకా అంటే... డబ్బున్నోళ్ళు ఇంట్లో పనిమనిషిని కూడా హెల్ప్ అనే అంటారు. ఆ... మంచిది దొరికింది. హెల్ప్ అంటే మీ అమ్మ షాపులో చేసేది. రాసుకో."

వంటింట్లో కూర తరుగుతున్న కోడలి కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. ఈసారి చప్పుడు కొంచెం ఎక్కువగా.

ఆ షాపు ఇంటి ముందుగదే. వీధివైపు పెద్ద కిటికీ, కిటికీ కింద పొడవాటి బల్ల, బల్ల మీద పట్టకార్లు, ఆవగింజంత స్క్రూలు, దుమ్ము పడకుండా విప్పిన వాచీల మీద బోర్లించిన గాజు గిన్నెలు. పదకొండేళ్ళ కిందట ఈ ఇంటికొచ్చినప్పుడు కోడలి పని వాచీ పట్టీలు తుడవడం. ఆ తర్వాత పళ్ళచక్రాలు పెట్రోలులో కడగడం. చూస్తూ చూస్తూ మూడేళ్ళకి పని పట్టేసింది. ఎడంచేతి వాటం మనిషి. ఆ చేతికి వణుకంటే తెలీదు.

మాస్టారి చేతికి మాత్రం అప్పుడే తెలియడం మొదలైంది.

అక్కణ్ణించి ఆ ఇంట్లో ఒక చిత్రం జరుగుతూ వచ్చింది. మాస్టారు పొద్దున్నే మొండి వాచీ ఒకటి విప్పుతారు. బిగించబోతే చెయ్యి వణుకుతుంది. గాజు గిన్నె బోర్లించి, "కొన్ని వాచీలంతే. కాసేపు ఆరనిస్తే అవే తిరుగుతాయి," అని భోంచేసి పడుకుంటారు. మూడింటికి లేచేసరికి వాచీ టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. "చూశావా అమ్మాయ్! చెప్పానా!" అంటారు. ఆరబెడితే బట్టలు ఆరతాయి గానీ వాచీలు తిరుగుతాయా? ఆ మాట ఎనిమిదేళ్ళుగా ఎవరూ అనలేదు. అనాల్సిన మనిషి, ఆయన గురక పెడుతున్నంతసేపూ కంటికి భూతద్దం తగిలించుకుని ఆ బల్ల దగ్గర కూర్చునుండేది.

తొమ్మిదింటికి బోర్డులు రాసే పెయింటరు రిక్షాలో కొత్త బోర్డు తెచ్చి షాపు గోడకి ఆనించాడు. నీలం మీద పసుపు అక్షరాలు. 'వాచీ మాస్టారు అండ్ సన్.'

"అబ్బ, అదిరింది!" అన్నాడు సన్.

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి బోర్డు చదివింది. తర్వాత లోపలికి చూసింది. ఆమె కూర్చునే స్టూలు, పనిముట్ల పెట్టె స్టోర్‌రూము గుమ్మం దగ్గర పెట్టి ఉన్నాయి.

"ఇవి అక్కడెందుకున్నాయి మామయ్యా?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నాకు డెబ్భై వస్తున్నాయి కదమ్మా. ఇక షాపు వాడికి అప్పజెప్తున్నా. కిటికీ దగ్గర వాడు కూర్చుంటాడు. షాపన్నాక యజమాని నలుగురికీ కనబడాలి. నువ్వు స్టోర్‌రూములోంచి హెల్ప్ చేస్తుండు. ట్యూబులైటు వేయిస్తాలే."

"ట్యూబులైటు కింద మీరు వాచీ మూత తీస్తారా?"

"నేనా? ఛ, పగటి వెలుగు లేందే నేను మూత ముట్టుకోను."

"నాకు మీరు నేర్పిన మొదటి పాఠం అదే. మరి నేనెలా తీస్తాను?"

మాస్టారు కొడుకు వైపు చూశారు. కోడలు మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, మీకు వాచీ పని వచ్చా?"

"పనికేముంది, నువ్వున్నావుగా. నేను యాజమాన్యం చూసుకుంటా. అయినా ఇది నాన్న నిర్ణయం. నా చేతుల్లో ఏముంది?"

"నాన్నా, అదీ హెల్ప్ మాటే!" ముల్లు ఎగిరి గంతేసింది. "కాంట్ హెల్ప్ ఇట్ అంటే నా చేతుల్లో ఏం లేదు అని మా టీచరు చెప్పింది. రాసుకుంటున్నా."

"నువ్వు లోపలికి పోవే!"

అలారం మోగింది. "ఏంటమ్మాయ్, పొద్దున్నే పంచాయితీ? కొడుక్కి కాకపోతే ఎవరికిస్తారు షాపు? నీ మొగుడిదైతే నీది కాదా? కూర్చునే చోటు ఎక్కడైతేనేం?"

"అయితే అత్తయ్యా, రేపట్నించి మీరు వంట స్టోర్‌రూములో చెయ్యండి. చోటు ఎక్కడైతేనేం?"

అలారానికి కీ అయిపోయింది. ఆ ఇంట్లో అది చరిత్ర.

కోడలు మెడలో దారానికి వేలాడే భూతద్దం తీసింది. బోర్డు దగ్గరికి వెళ్ళి దాని అంచుకి, సరిగ్గా 'సన్' అన్న మాట పైన తగిలించింది.

"పదకొండేళ్ళ హెల్పు ఈ నిమిషంతో ఆఖరు. బోర్డు మీద పేరున్నవాళ్ళు చెయ్యండి. నేను చూస్తాను."

కస్టమర్ల బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని పేపరు విప్పింది. పెయింటరు పకపకా నవ్వబోయి, మాస్టారి మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

"అమ్మా," అంది ముల్లు గుసగుసగా, "పేపరు తలకిందులుగా పట్టుకున్నావు."

"నా ఇష్టం. ఇవాళ ఇలాగే చదువుతా."

అసలు చిక్కు ఆ రోజే ఉంది. బల్ల మీద గాజు గిన్నె కింద నర్సమ్మ వాచీ విప్పి ఉంది. మామూలు వాచీ కాదు. జేబు దగ్గర పిన్నుతో తలకిందులుగా తగిలించుకునే రకం. పేట ఆస్పత్రిలో పుట్టిన పిల్లలందరి టైమూ ఆ వాచీలో చూసే రాశారు. మాస్టారి కొడుకు టైము కూడా. ఇప్పుడు నర్సమ్మ రిటైరైంది గానీ, మర్నాడు సొంత మనవరాలి కాన్పుకి బయల్దేరుతోంది. సాయంత్రం నాలుగింటికి వాచీ ఇస్తానని మాస్టారు మాటిచ్చారు.

"ఇంతోటి దానికి ఇంత బెట్టా?" అని సన్ గారు కిటికీ దగ్గర కూర్చున్నారు. గాజు గిన్నె ఎత్తారు. పట్టకారుతో స్క్రూ పట్టుకున్నారు.

టిక్.

స్క్రూ గాల్లోకి లేవడం అందరూ చూశారు. దిగడం ఎవరూ చూడలేదు.

"ఎవరూ కదలకండి!" అని మాస్టారు అరిచారు. ఆ తర్వాత ముప్పావు గంటసేపు ఒక డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి, ఒక మాజీ ఫ్రిజ్‌ల సేల్స్‌మన్, ఒక అలారం గచ్చు మీద మోకాళ్ళతో పాకారు. దారినపోయేవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసి, "ఏం పారేసుకున్నారు?" అని అడుగుతుంటే, "ఏం లేదండీ, తుడుస్తున్నాం," అని అత్తగారు పళ్ళికిలించింది. చివరికి స్క్రూ ముల్లు జడలో దొరికింది.

కోడలికి నవ్వొచ్చింది. పేపరు ఇంకొంచెం పైకెత్తి పట్టుకుంది. ఆ వాచీలో తప్పు ఎక్కడుందో ఆమెకి నిన్ననే తెలుసు. పావుగంట పని. చెయ్యి దురదపెడుతోంది. ఆ ఎడంచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

తర్వాత మాస్టారు కూర్చున్నారు. సన్నటి చక్రాన్ని ఇరుసు మీద నిలబెట్టబోయారు. చెయ్యి వణికింది. చక్రం పడింది. మళ్ళీ తీశారు. మళ్ళీ పడింది. నాలుగోసారి ఆయన ఎవరి వైపూ చూడకుండా గాజు గిన్నె బోర్లించేశారు.

"కొన్ని వాచీలంతే. కాసేపు ఆరనిస్తే అవే తిరుగుతాయి."

భోజనం చేసి పడుకున్నారు. గురక మొదలైంది. కోడలు బెంచీ మీంచి లేవలేదు. మొగుడు పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఇదిగో, వెళ్ళి అది కాస్త బిగించేసెయ్. నాన్న పరువు పోతుంది."

"అంటే నేను బిగిస్తానని మీకు తెలుసన్నమాట."

"ఆ... తెలుసు. ఎప్పుడో ఒకసారి చూశాలే."

"తెలిసి కూడా పొద్దున కూతురితో ఏం రాయించారు?"

ఇరవై ఏళ్ళలో ఎంతోమంది మొండి కస్టమర్లని మాటలతో పడగొట్టిన మనిషి బెంచీ చివర కూర్చుని గోళ్ళు చూసుకున్నాడు.

మూడింటికి మాస్టారు లేచారు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, అలవాటు కొద్దీ చిరునవ్వు ముందే తెచ్చిపెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చారు. గిన్నె ఎత్తారు.

చప్పుడు లేదు.

చెవి దగ్గరగా వంచారు. ముక్కలన్నీ పొద్దున పడేసిన చోటే పడి ఉన్నాయి. చక్రం పక్కకి ఒరిగి ఉంది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి వాచీ తనంతట తాను తిరగలేదు. మాస్టారు అలా నిలబడిపోయారు. మొహం మీది చిరునవ్వు తియ్యడం మర్చిపోయారు. ఆ మొహం చూడలేక కోడలు తల తిప్పుకుంది. అయినా లేవలేదు.

ఆయన వాచీ వెనక మూత చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులోకి తిప్పారు. భూతద్దం కోసం వెతికి, బయట బోర్డుకి వేలాడుతున్నదాన్ని తీసుకొచ్చి కంటికి పెట్టుకున్నారు. బాగుచేసిన ప్రతిసారీ మూత లోపల సూదితో ఏటవాలు గీత, కింద చుక్క, పక్కన ఏడాది గీకడం ఆయన పద్ధతి. బయటికి కనపడదు. విప్పినవాడికే తెలుస్తుంది. ఈ వాచీ ఏటా వస్తుంది. పంతొమ్మిదేళ్ళకి పంతొమ్మిది గీతలు.

మొదటి పదకొండూ కుడికి వాలి ఉన్నాయి. అవి ఆయన చేతివే. మిగతా ఎనిమిదీ ఎడమకి వాలి ఉన్నాయి. ఎడంచేత్తో సూది పట్టుకుంటే తప్ప గీత అలా వాలదు.

మాస్టారు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. పెదాలు కదులుతున్నాయి.

"అమ్మాయ్. ఇవెవరు గీశారు?"

"నేనే."

"నా గుర్తు?"

"మీ గుర్తే. ఈ ఒక్క వాచీలోనే కాదు. ఈ ఎనిమిదేళ్ళలో ఈ బల్ల దాటిన ప్రతి మొండి వాచీలో."

"అంటే..." మాస్టారి గొంతు పెరిగింది. "నేను పడుకుంటే నువ్వు చేసేదానివా? నేను లేచి చంకలు గుద్దుకుంటుంటే చూస్తూ నిలబడేదానివా? ఎనిమిదేళ్ళు నన్ను పసిపిల్లాణ్ణి చేసి ఆడించావా?"

"ఆడించాను. మీరూ ఆడారు." కోడలు లేచి నిలబడింది. "మొదటిసారి మీరు నిద్రలేచి, తిరుగుతున్న వాచీ చూసి పొంగిపోయారు. ఆ సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదు. మీ గుర్తే గీశాను. తర్వాత తర్వాత గీసేటప్పుడు కడుపు మండేది. అయినా గీశాను. ఆ అబద్ధం నాది మామయ్యా, నా ఇష్టంతో గీశాను. దానికి నేనేం ఏడవను. కానీ ఆ బోర్డు మీది అబద్ధం నన్ను అడక్కుండా రాశారు. దాని కింద మాత్రం నేను కూర్చోను."

"మామగారితో మాట్లాడే పద్ధతేనా ఇది?" అంది అత్తగారు. పొద్దుటంత మోత లేదు గొంతులో.

"ఇన్నాళ్ళు పద్ధతిగానే ఉన్నాను అత్తయ్యా. దానికి వచ్చింది స్టోర్‌రూము."

సరిగ్గా అప్పుడే నర్సమ్మ గొడుగు ఊపుకుంటూ దిగింది. "మాస్టారూ, నా వాచీ అయిందా?"

"కాలేదమ్మా," అన్నారు మాస్టారు. ఆ మాట ఆ షాపులో ఆయన నోట ఎవరూ వినలేదు. "నా వల్ల కాలేదు."

నర్సమ్మ అందరి మొహాలూ చూసింది. ఎన్ని ఇళ్ళలో ఎన్ని కాన్పులు చూసిన మనిషి. గదిలో నొప్పులు ఎవరికి వస్తున్నాయో తెలుసుకోవడానికి ఆవిడకి ఒక్క చూపు చాలు. గొడుగు మూలన పెట్టి బెంచీ మీద బైఠాయించింది. "నాకేం తొందర్లేదు. మీరు మీరు తేల్చుకోండి."

"మామయ్యా," అంది కోడలు. "ఆ వాచీ పావుగంటలో తిరుగుతుంది. కానీ నేను చెయ్యాలంటే ఈ కిటికీ దగ్గరే చేస్తాను. మూతలో నా గుర్తే గీస్తాను. ఆ బోర్డు ఆ గోడకి ఎక్కదు. హెల్పు కావాలంటే చెయ్యను. పని ఉందంటే చేస్తాను."

మాస్టారు కుర్చీ మీది పాత దిండు తీశారు. నలభై ఏళ్ళుగా ఆయన కూర్చున్న దిండు, ఆయన ఆకారంలోనే గుంట పడిపోయింది. దాన్ని చంకలో పెట్టుకుని, స్టోర్‌రూము గుమ్మం దగ్గరున్న కోడలి స్టూలు తెచ్చుకుని, బల్ల పక్కన వేసుకుని, దిండు దాని మీద పెట్టుకుని కూర్చున్నారు. కిటికీ ఎదురుగా కుర్చీ ఖాళీ అయింది.

"వెలుగు పోతోంది. కూర్చో," అన్నారు. భూతద్దం దారం ముడి సరిచేసి ఆమె చేతికిచ్చారు.

కోడలు కూర్చుంది. ఎడంచెయ్యి గిన్నె ఎత్తింది. పట్టకారు అడిగితే మాస్టారు పట్టకారు అందించారు. నూనె అంటే నూనె. చక్రం మొదటిసారికే ఇరుసు మీద నిలబడింది, ఒకసారి ఊగింది, తిరగడం మొదలుపెట్టింది.

టిక్కుటిక్కుటిక్కు.

మూత మూసేముందు ఆమె సూది తీసుకుంది. ఎడమకి వాలిన గీత. కింద పెట్టే చుక్కని ఈసారి పైన పెట్టింది.

"చుక్క పైనా?" అన్నారు మాస్టారు.

"నాది పైనే."

"సరే. మూత గట్టిగా పట్టుకుంటా, ఏడాది కూడా గీకు." ఆయన రెండు చేతులతో పట్టుకున్నారు. చేతులు వణికాయి. ఆమె ఆగింది. వణుకు తగ్గేదాకా ఆగి, గీకింది. ఆయన కళ్ళలోంచి ఒక చుక్క బల్ల మీద పడబోతే, "మామయ్యా, వాచీలో నీళ్ళు!" అంది. ఆయన ఏడుస్తూనే నవ్వేశారు. ఆమె మాత్రం అప్పటిదాకా ఆపుకున్నది ఆపుకోలేక, భూతద్దం తియ్యకుండానే ఏడ్చేసింది.

నర్సమ్మ మూతలో కొత్త గుర్తు చూపించమని మరీ చూసి, వాచీ పైటకి తగిలించుకుని వెళ్ళింది.

"మరి నేను?" అన్నాడు సన్, నెమ్మదిగా.

"కౌంటరు మీది," అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ. "ఫ్రిజ్ వద్దని వచ్చినవాడికి రెండు అమ్మిన మనిషి మీరు. మీరక్కడ ఉంటే ఈ వీధిలో వాచీ లేని చెయ్యి ఉండదు. కానీ పట్టకారు ముట్టుకుంటే మాత్రం..."

"ముట్టుకోను తల్లీ. నా మోకాళ్ళు ఇంకా మండుతున్నాయి." అతను కూతురి నోట్‌బుక్కు లాక్కుని, పొద్దున తను చెప్పిన 'మీ అమ్మ షాపులో చేసేది' అన్న ముక్క మీద తానే అడ్డంగా గీత కొట్టాడు.

"నాన్నా! ఇక తొమ్మిదే మిగిలాయి! నా స్టారు పోయింది!"

"ఇలా తే," అన్నారు మాస్టారు. "పదోది నేను చెప్తా. రాసుకో. హెల్ప్ అంటే... ఈ ఎనిమిదేళ్ళూ షాపులో మీ అమ్మకి నేను చేసింది."

ముల్లు రాసుకుంది. చదువుకుని, తల గోక్కుంది. "నువ్వేం చేశావు తాతా? పడుకున్నావుగా?"

"అదేనే. అడ్డం రాకుండా పడుకున్నా."

అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. మర్నాడు పెయింటరు బోర్డు వెనక్కి తీసుకెళ్ళి, 'అండ్ సన్' మీద నీలం రంగు పూసుకొచ్చాడు. ఆ ఖాళీలో ఏం రాయాలని అడిగితే కోడలు సుద్దముక్కతో తనే గీసి చూపించింది. ఎడమకి వాలిన గీత, పైన చుక్క. పసుపు రంగులో, జానెడంత. వీధి చివరికి కూడా కనపడుతుంది.